బర్రె గురక

దుమ్ముకాలం, పన్నెండో రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. బాయిలో, అంటే మేం బతికే ఈ పాత బొగ్గు గనిలో, పెట్రోలు ఇంజిన్ తిప్పాలంటే ఏ రోజు ఏం చేశానో రాసిపెట్టాలని మా పెద్ద గట్టయ్య షరతు పెట్టాడు. ఆయన ఇది చదువుతాడన్న ఆశ నాకు లేదు. పోయినసారి పంపుల మరమ్మతు గురించి నేను రాసిచ్చిన కాగితాల వెనక ఆయన మనవరాలు కోడిపెట్టల బొమ్మలు గీసుకుంది.

బర్రెకు ఇవాళ ఇంజిన్ ఎక్కింది. బర్రె అంటే మా కారు. నల్లగా, వెడల్పుగా ఉంటుందని, మనం తిప్పిన వైపు కాకుండా తనకు తోచిన వైపు పోతుందని ఏడో బాయి జనం దానికి ఆ పేరు పెట్టారు. మనుషులు నేలమీద బతికిన కాలంలో అది పెట్రోలుతోనే నడిచిందట. తర్వాత ఎవరో బ్యాటరీ మోటారు బిగించారు. ఆ మోటారు నిరుడు ఎండకు కాలిపోయింది. ఇప్పుడు పై ఎండకు ఏ బ్యాటరీ బండీ నిలవడం లేదు. అందుకే పాడుబడ్డ ఊళ్లు వెతికి ఒక టెంపో ఇంజిన్ తెచ్చాను. మౌంటింగులు కోసి, అతికి, గేర్‌బాక్సుకు కొత్త పట్టీ చేసి, ముసలి ఒంట్లో పరాయి గుండె కూర్చోబెట్టాను. ప్లాస్టిక్ కరిగించి తీసిన పెట్రోలు పోసి తాళం తిప్పితే మూడోసారికి పలికింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు కనుక పరువు పోలేదు.

ఇదంతా మా అక్క కౌసల్య కోసం. అక్కకు ఎనిమిదో నెల. కాన్పు చేసే ఆసుపత్రి మూడో బాయిలో ఉంది, పైన ఎడారి దాటి పోవాలి. మొదటి కాన్పుకు తీసుకుపోతున్న బ్యాటరీ బండి సగం దారిలో చచ్చింది. పాప దక్కలేదు. ఈసారి బండి ఆగకూడదు. నాకు తెలిసిన మొక్కు అదొక్కటే.

బాయిలో నిప్పు ముట్టించడం నేరం. చుట్టూ బొగ్గు. వంట కరెంటు మీద, దేవుడికి దీపం బదులు బల్బు. అందుకే నా షెడ్డు గేటు పక్కన, బొగ్గు లేని రాతి గదిలో ఉంది. పొగ గొట్టం గుండా పైకి పోతుంది. ఏడో బాయి మొత్తంలో ఇప్పుడు నిప్పున్నది బర్రె కడుపులో ఒక్కచోటే.

పదిహేడో రోజు

బర్రె గురక పెడుతోంది.

మొన్నటిదాకా గడియారంలా తిరిగిన ఇంజిన్ ఇవాళ ఐడ్లింగులో ఆయాసపడింది. రేసు పెంచితే నల్లటి పొగ. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగింటికీ మసి, కాటుక పెట్టుకోవచ్చు. అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, లేదా గాలి తక్కువ పీలుస్తోంది. ఎయిర్ ఫిల్టర్ విప్పాను. శుభ్రంగా ఉంది. దుమ్ముకాలం మొదలైనప్పటి నుంచి గేటు మూసే ఉంది, దుమ్మంతా బయటే కదా మరి.

కార్బొరేటర్‌లో పెట్రోలు దిగేది ఒక చిన్న ఇత్తడి జెట్టు గుండా. దాని మధ్య సన్నని రంధ్రం ఉంటుంది, సైజు నంబరు దానిమీదే కొట్టి ఉంటుంది. ఇంజినుతో వచ్చింది నూట ఇరవై. అది తీసి నూట పదిహేను బిగించాను. గురక పోయింది. శభాష్ అని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను చేతులు కడుక్కుంటుండగా బావ వచ్చాడు. మా అక్క మొగుడు ఓదెలు. మా బాయికి గాలి మేస్త్రి. రోజూ పొద్దున గాలిపెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గేటు దగ్గర దాని ముల్లును ఇరవై ఒకటి మీద నిలిపి, తర్వాత దాన్ని నడుముకు కట్టుకుని గల్లీలన్నీ తిరగడం ఆయన ఉద్యోగం. ఆ ముల్లుకు రోజూ కాస్త జారే గుణం ఉంది. అందుకని మంచి గాలిలో నిలబెట్టి సరిచేయాలి. గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరవై ఒక పాలు ఉండాలి, పద్దెనిమిదికి దిగితే పెట్టెలో గంట మోగుతుంది. నేను పుట్టిన తర్వాత అది మోగలేదు. మా దగ్గర ఎవరైనా ఎదురైతే “ఇరవై ఒకటేనా?” అని పలకరిస్తారు, “ఇరవై ఒకటే” అని జవాబు. క్షేమమా అంటే క్షేమమే అన్నట్టు.

“ఏం మరదలా, బర్రె పాలిస్తున్నదా, ఉత్త పొగేనా?” అన్నాడు బావ.

“పాలు పిండొచ్చినోడుంటే ఇస్తది. నువ్వు దగ్గరికి రాకు, తంతది.”

“నా పెట్టె నయం. ఇరవై ఒకటంటే ఇరవై ఒకటే. గురక లేదు, కిరికిరి లేదు.”

ఆయన నవ్వుకుంటూ పోయాడు. నిజానికి ఈర్ష్యగా అనిపించింది.

ఇరవై రెండో రోజు

మళ్లీ గురక. మళ్లీ మసి.

టైమింగు చూశాను. సరిగ్గా ఉంది. వాల్వుల సందు కొలిచాను. సరిగ్గా ఉంది. కార్బొరేటర్ తొట్టిలో పెట్రోలు మట్టం సరిగ్గా ఉంది. సైలెన్సరులో ఏమైనా ఇరుక్కుందేమోనని కర్ర దూర్చి చూశాను. ఏమీ లేదు. ఇక మిగిలింది పెట్రోలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెట్రోలు తీసే సాంబయ్యను నాలుగు తిట్టి కొత్త డబ్బా తెచ్చాను. కొత్త పెట్రోలుకీ అదే మసి. సాంబయ్యకు క్షమాపణ చెప్పాలి. రేపు చెబుతాను.

చివరికి జెట్టు నూట పదికి దించాను. బాగుపడింది. ఇంజిన్ మార్చిన బండికి నడక కుదరడానికి కొన్నాళ్లు పడుతుందని నాకు పని నేర్పిన వాళ్లు చెప్పేవాళ్లు. కుదరడమంటే రోజురోజుకీ బాగుపడటం కదా. ఇది రోజురోజుకీ చెడుతోంది. ఆ మాట నన్ను తినేస్తోంది.

సాయంత్రం అక్క దగ్గరికి పోయాను. నాచు పచ్చడితో సంకటి పెట్టింది. నాచు చప్పగా, పసుపురంగులో ఉంది. పైన ఎండతో కరెంటు తీసే పలకల మీద దుమ్ము పేరుకుని కరెంటు తగ్గిందట, నాచుతొట్ల దగ్గర దీపాలు సగమే వెలుగుతున్నాయట. మామూలుగా పదిహేను రోజులకు దుమ్ముకాలం పోతుంది. ఈ ఏడు ఇంకా పోలేదు.

“నిద్ర ఆగుతలేదే సుగుణా,” అంది అక్క. “కూసుంటే కూసున్నకాడనే కన్నంటుకుంటున్నది.”

“ఇద్దరి నిద్ర నువ్వొక్కదానివే పోతున్నవు మరి.”

నవ్వింది. పెదవులు నీలంగా కనిపించాయి. దీపం వెలుతురు తక్కువ కదా అనుకున్నాను.

ఇరవై ఆరో రోజు

జెట్టు నూట ఐదు. ఇంతకంటే చిన్నది నా దగ్గర లేదు.

ఇవాళ ఆయిల్ మార్చి, కింది బోల్టు బిగించడం మరిచి, పోసిన కొత్త ఆయిలంతా నా కాళ్లమీదకు వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను. పొదుపుగా దాచుకున్న ఆయిల్ నేలపాలైతే నవ్వడమేమిటో ఇప్పుడు రాస్తుంటే అర్థం కావడం లేదు. తలలో ఎవరో సుత్తితో నెమ్మదిగా కొడుతున్నట్టుంది.

నాకొక్కదానికే కాదు. బాయంతా తలనొప్పి. బడిలో పిల్లలు బల్లలమీదే నిద్రపోతున్నారట. మధ్యాహ్నం గట్టయ్య వచ్చాడు. నాలుగు మెట్లెక్కి ఆయాసపడి గోడ పట్టుకున్నాడు.

“బిడ్డా, బండి బంద్ జెయ్యి. ఊరందరికి తలకాయ నొస్తున్నది. ఇది నీ పొగతోనే.”

“పొగ పైకే పోతున్నది పెద్దయ్యా. గొట్టం కాడ చెయ్యి పెట్టి సూడు, లోపట చుక్క పొగ లేదు.”

“పొగ గాకుంటె ఇంకేంది? గాలి మంచిగనే ఉన్నది. ఓదెలు పొద్దుగాల గూడ ఇరవై ఒకటని చెప్పిండు.”

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఇరవై ఒకటి అంటే ఇరవై ఒకటే. బేరం ఆడాను. లోపల ఇంజిన్ ముట్టుకోను, దుమ్ము తగ్గిన పూట బయటికి తీసుకుపోయి చూసుకుంటాను, గేటు తెరవనివ్వమన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఎందుకొచ్చాడో మరిచిపోయినట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ముప్పై ఒకటో రోజు

ఇది నెమ్మదిగా రాయాలి. తప్పులు లేకుండా రాయాలి.

పొద్దు పొడవక ముందు గాలి కాస్త ఆగింది. గేటు వాళ్లు నన్నూ బర్రెనూ బయటికి వదిలి వెంటనే మూసేశారు. ఏటవాలు దారిలో పైకి ఎక్కుతుంటే బర్రె దగ్గడం మొదలుపెట్టింది. కార్బొరేటర్ లోంచి టపటపమని ఎదురు పేలుళ్లు. యాక్సిలేటర్ తొక్కితే ముందుకు పోవడం లేదు, గుటకలు మింగుతోంది. ఇంజిన్ పోయిందనుకున్నాను. అక్క ముఖం కళ్లముందు మెదిలింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత దిగి ప్లగ్గులు విప్పాను. మసి లేదు. కాలి తెల్లబడి ఉన్నాయి.

అది పెట్రోలు చాలక అల్లాడే ఇంజిన్ లక్షణం. లోపల ఎక్కువై మసి కక్కింది, బయట చాలక దగ్గుతోంది. పైన వేడి, వేడిగాలి పలచగా ఉంటుంది, కనుక బయటికొస్తే మసి ఇంకా పెరగాలి. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. జేబులో ఉన్న మొదటి జెట్టు, నూట ఇరవై, తీసి బిగించాను. తాళం తిప్పాను.

అది పలికిన తీరు రాయడం నాకు చేతకాదు. మొదటిరోజు కూడా అంత బాగా పలకలేదు. పాడుబడ్డ రోడ్డు మీద రెండు మైళ్లు పోయి వచ్చాను. ఎత్తు దగ్గర మూడో గేరులో గురక లేకుండా ఎక్కింది. ఇంజినుకు ఏ జబ్బూ లేదు. ఏనాడూ లేదు.

అప్పుడు గమనించాను, నా తలనొప్పి పోయింది. సాంబయ్యకు క్షమాపణ చెప్పలేదని గుర్తొచ్చింది. తొమ్మిది రోజులుగా గుర్తురాని మాట.

తిరిగొచ్చి గేటు లోపల ఆగాను. వెనక గేటు మూసుకుంది. పెద్ద జెట్టు అలాగే ఉంచి ఇంజిన్ ఆపకుండా చెవి పెట్టి విన్నాను. కాసేపటికి మొదలైంది, గురక. సైలెన్సర్ లోంచి నల్లటి పొగ. నిప్పుకు గాలి చాలడం లేదు.

అదే గాలి మేమూ పీలుస్తున్నాం.

నాచు పసుపుబడింది, అది ఇవ్వాల్సిన ప్రాణవాయువు ఇవ్వడం లేదు. మేం వదిలే చెడుగాలిని మాత్రం సున్నపు తొట్లు ఎప్పటిలాగే లాగేస్తున్నాయి. అందుకే ఎవరికీ ఊపిరాడనట్టు లేదు. నిద్ర వస్తోంది, అంతే. గురక పెట్టిన ప్రతిసారీ నేను జెట్టు తగ్గించి దాని నోరు మూశాను. అది చెప్పిన ప్రతిసారీ మూశాను.

ముప్పై ఒకటో రోజు, తర్వాత

బావ పెట్టె తుడుచుకుంటున్నాడు. అక్క మంచం మీద కళ్లు మూసుకుని ఉంది.

“బావా, దుమ్ముకాలంల ముల్లు యాడ నిలబెడుతున్నవు?”

“గేటు కాడ. ఎప్పటి లెక్కనే.”

“గేటు బయటనా, లోపటనా?”

“గీ దుమ్ముల బయటికెట్ల పోతరే? లోపటనే. మా నాయిన గట్లనే జేసిండు, మూడో బాయిల గట్లనే జేస్తరు. అన్ని బాయిలకు ఒక్కటే పద్ధతి.”

పద్ధతి ఒకటే. పది పదిహేను రోజుల దుమ్ముకు ఆ పద్ధతి సరిపోయింది. గాలి అంతలో చెడదు. ఇప్పుడు నెల దాటింది. రోజూ పొద్దున లోపల ఎంత ఉంటే అంతకే బావ ఇరవై ఒకటని పేరు పెట్టి, సాయంత్రం దాకా ఇరవై ఒకటే అని తిరుగుతున్నాడు. నేను జెట్టు మార్చాను, ఆయన ముల్లు తిప్పాడు. ఇద్దరం చేసింది ఒకటే పని. అదే చెప్పాను.

బావ ముఖం మాడిపోయింది. “మీటరు అబద్ధమాడుతదా? పాత ఇనుపడొక్కు మాట ఇని నా పెట్టెను తప్పు పడుతున్నవా?”

“పెట్టె తప్పు గాదు బావా. ఒక్కపాలి బయట నిలబెట్టి లోపటికి తే. ఇరవై ఒకటుంటే నా బర్రెను నేనే సుత్తితోని పలగ్గొడుత.”

“లోపట దుమ్ము పోతే పెట్టె ఖరాబైతది. ఊరికి ఒక్కటే ఉన్నది.”

ఆయన అటు తిరిగిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నేను లేచి వచ్చేస్తుంటే అక్క కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

“లొల్లి పెట్టుకోకుండ్రి. కడుపుల పోరడు గూడ నిద్రవోతుండు. నిన్నటిసంది కదులుతలేడు. మంచిగ పండుకున్నడు.”

బావ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన నా వైపు చూశాడు. పెట్టె నడుముకు కట్టుకుని గేటు వైపు నడిచాడు. పసుపు రాయలేదు, బొట్టు పెట్టలేదు.

ముప్పై ఒకటో రోజు, సాయంత్రం

బయట పెనుగాలి. బావ పెట్టెను తన అంగీలో చుట్టుకుని, ముఖానికి తడిగుడ్డ కట్టుకుని గేటు దాటాడు. ముల్లును ఇరవై ఒకటి మీద నిలబెట్టి తిరిగొచ్చాడు. లోపలికి పది అడుగులు వేశాడో లేదో గంట మోగింది.

మా బాయిలో చాలామంది ఆ మోత అంతకుముందు ఎన్నడూ వినలేదు. జనం తలుపుల్లోంచి తొంగిచూశారు. పిల్లలు దేవుడి ఊరేగింపు అనుకుని బావ వెనక చప్పట్లు కొడుతూ నడిచారు, కాసేపటికే అలసి గోడల వెంట కూర్చున్నారు. గేటు దగ్గర పదిహేడు. బజారులో పదహారున్నర. లోపలి గల్లీలో పదహారు. అక్క మంచం పక్కన పదిహేను.

బావ ఆ ముల్లును వేలితో తట్టాడు. మళ్లీ తట్టాడు. “నేనే,” అన్నాడు. “దినాం నేనే చెప్పిన గదా, ఇరవై ఒకటని.” పెట్టెను నేలమీద పెట్టి దాని పక్కనే కూలబడ్డాడు.  భుజం పట్టుకుని లేపాను.

గట్టయ్య ఎదురాడలేదు. గేటు తెరిచి, మళ్లీ మూసుకోకుండా అడ్డంగా బొగ్గు మోసే ఇనుప టబ్బును పెట్టమన్నాడు. దుమ్ము వస్తే రానీ అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఆయాసంతో మూడుసార్లు ఆగాడు.

అక్కను బర్రెలో పడుకోబెట్టాం. బావను రమ్మన్నాను.

“లోపటి గల్లీలల్ల అందరు పండుకొని ఉన్నరు సుగుణా. లేపాలె. నా గంట ఇనే లేస్తరు,” అన్నాడు. అక్క తల నిమిరాడు. “నువ్వు బండి ఆపకు.”

ముప్పై రెండో రోజు

బర్రె ఆగలేదు. ఇది రాసిపెట్టాలి. ఎదురుగాలిలో, ఇసుకలో, దారి కనపడని చోట వాసన పట్టినట్టు పోయింది. ఒక్కసారి కూడా గుటక మింగలేదు.

దారిలో అక్క నిద్ర తేలిపోయింది. ముందు నీళ్లడిగింది. తర్వాత నా చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది. “తన్నిండు,” అంది. మళ్లీ తన్నాడు. నేను ఒక చేత్తో తోలుతూ వాడిని, వాడి బాబును, వాళ్ల వంశాన్నంతా తిట్టాను. అక్క ఏడుస్తూ నవ్వింది.

తెల్లవారే వేళకు మూడో బాయి చేరాం. లైట్లు వేసి హారన్ కొడితే చాలాసేపటికి గేటు తెరుచుకుంది. వాళ్ల గాలి మేస్త్రి ఒక నడివయసు ఆమె. నడుముకు పెట్టె, దానికి తాజా పసుపు, ఎర్రటి బొట్టు. బండి లోపలికి రానిచ్చి గేటు మూయించింది.

“ఇరవై ఒకటేనా?” అని పలకరించింది నవ్వుతూ.

జవాబు బర్రె చెబుతోంది. పెద్ద జెట్టుతో ఎడారంతా పాడుకుంటూ వచ్చిన ఇంజిన్ ముందు తడబడింది, తర్వాత ఆయాసపడింది, తర్వాత గురక మొదలుపెట్టింది. వెనక అద్దంలో నల్లటి పొగ కనిపించింది.

“బండి బంద్ జెయ్యక్కా,” అంది ఆమె, ఆవలింత ఆపుకుంటూ. “ఇంజిన్ ఖరాబైనట్టున్నది.”

“ఇంజిన్ మంచిగనే ఉన్నది. గేటు తెరువు.”

“ఇప్పుడే మూస్తిమి గదా?”

“తెరువమ్మా. పేషెంటు సామాను బయట పడ్డది.”

అబద్ధమే. తెరిచింది. నేను రివర్స్ గేరు వేసి బర్రెను గేటు మధ్యకు తెచ్చి నిలబెట్టాను. సగం లోపల, సగం బయట. అది అక్కడున్నంత వరకు గేటు మూసుకోదు. ఆమె అరవలేదు, కోపగించుకోలేదు. కాసేపు బర్రెను వింతగా చూసి, పెద్దలను పిలుచుకొస్తానని లోపలికి పోయింది.

వాళ్లొచ్చేదాకా ఇది రాస్తున్నాను. అక్క వెనక సీట్లో ఉంది, తల బయటి గాలి వైపు పెట్టించాను. నొప్పులు ఇంకా మొదలు కాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద్దు పొడుస్తోంది, ఎండెక్కితే బయట ఉండలేం. లోపలికి పోతే కడుపులో వాడు మళ్లీ కదలడం మానేస్తాడు. డాక్టరమ్మను ఇక్కడికే రమ్మంటాను. గాలి మేస్త్రిని పెట్టె ముల్లు బయట నిలబెట్టమంటాను. వినేదాకా చెబుతాను. ఇంజిన్ ఆపను, పెట్రోలు అయిపోయేదాకా ఆపను.

దూరంగా సొరంగంలో టార్చిలైట్లు కనిపిస్తున్నాయి. నలుగురో ఐదుగురో. ఇటే వస్తున్నారు. చాలా నెమ్మదిగా నడుస్తున్నారు.